రెండు వేళ్ల తక్కువ

ముందుగా పోయినవన్నీ లెక్క రాస్తాను.

ఎనిమిది చీరల పేక, అంటే అడ్డంగా నేసే నూలు, పోయింది. కట్టి, రంగులద్ది, ఆరబెట్టి, నేయడానికి సిద్ధంగా ఉన్న పేక. నేసి, కోసి, మూలన పడేసిన గుడ్డ ఒక మూరెడు. హైదరాబాద్ దుకాణం వాళ్లిచ్చిన ఆర్డరు ఒకటి. ఆ తర్వాత వాళ్లు మా గడప తొక్కలేదు. మగ్గం ఖాళీగా నిలబడిన రోజులు ఇరవై మూడు. ఒక ముసలమ్మ కుడిచేయి ముందుకీ వెనక్కీ ఊరికే తిరిగిన తిప్పుళ్లు డెబ్బై రెండు వేలు. ఆమె సంఘం వరండాకు రాకుండా ఉన్న సోమవారాలు మూడు.

ఇన్ని పోవడానికి ఖర్చయిన మాటలు ఏడే ఏడు. మాట్లాడింది నేను. ఆ ఏడింటిలో తిట్టు లేదు, ఎగతాళి లేదు. పైగా ఒక చాయ్ ఉంది.

భువనగిరికీ ఆలేరుకూ మధ్యలో ఒక నేతపని ఊళ్లో, చేనేత సహకార సంఘంలో ఇరవై ఆరేళ్లు గుమస్తాగా పనిచేశాను. యాభై రెండేళ్లకే ఇంటికి వచ్చేశాను. లెక్కలన్నీ కంప్యూటరెక్కాక నా కుర్చీకి పని లేకుండా పోయింది. ఇప్పుడు అలాంటి కుర్చీల్లో కూర్చున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. బ్యాంకుల్లో, దవాఖానల్లో, సర్కారు కౌంటర్లలో, అవతల ఒక ముసలి మనిషి ఏదో చెబుతుంటే ఇవతల తెరకేసి చూసే పిల్లల కోసం.

నేను పదో తరగతి తప్పింది లెక్కల్లోనే. ఆ పౌరుషంతో తర్వాత లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. భువనగిరి బస్టాండు దగ్గర పాత పుస్తకాలు కొని, చేసిన లెక్కే మళ్లీ మళ్లీ చేసి, ఏ నూలు ఎన్ని పోగులకు ఎంత పడుతుందో కాగితం లేకుండా చెప్పే స్థితికి వచ్చాను. బడిలో నేర్చినవాడికి కొంచెం అనుమానం మిగులుతుంది. సొంతంగా నేర్చినవాడికి అదీ ఉండదు. నా జబ్బు అదే.

సోమవారం నూలు ఇచ్చే రోజు. ఆ రోజు వరండా అంతా నేతగాళ్లే. నా మేజా పక్కన కండెల డబ్బా బోర్లించి, దాని మీద ఒక అవ్వ కూర్చునేది. డెబ్బై దాటిన మనిషి. ఊళ్లో ఆసు పోయడంలో, అంటే పేక నూలు తిప్పడంలో, ఆమె చేయే పెద్ద చేయి. కొడుకు మగ్గం మీద నేసేవాడు. నేను ఒకరి తర్వాత ఒకరికి లెక్క చెబుతుంటే ఆమె కొంగులో మూట కట్టుకున్న గింజలు తీసి ఒళ్లో జరుపుకుంటూ సరిచూసేది. వందకో చింతగింజ, పదికో కందిగింజ. అన్నేళ్లలో రెండుసార్లు నా తప్పు పట్టుకుంది. ఆ రెండూ నేను నవ్వుతూ అందరికీ చెప్పేవాణ్ణి. "ఇగో, మా ఆడిటర్ వచ్చింది" అని ఆమెకు డబ్బా జరిపేవాణ్ణి. ఆమె అంటే నాకు ప్రేమే. అది ముందే చెప్పాలి, ఎందుకంటే తప్పంతా ఆ ప్రేమలోంచే వచ్చింది.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు. హైదరాబాద్ దుకాణం ఒకటి ఎనిమిది చీరలు అడిగింది. ఎనిమిదీ ఒకేలా ఉండాలి, ఒళ్లంతా చిలుకలు. గళ్ల కాగితం మీద గీసిన నమూనాతో పాటు వెడల్పు చూపడానికి పాత చీరొకటి పంపారు. మా అధ్యక్షుడు ఆ రెండూ నా ముందు పెట్టి, "లెక్క నీదే. ఒక్క పోగు తప్పిపోవద్దు" అన్నాడు. అప్పటిదాకా చిలుక ఎక్కడ రావాలో నేతగాళ్లే అంచనాతో చేసుకునేవారు. మొదటిసారి ఆ పని కాగితం మీదికి, అంటే నా చేతికి వచ్చింది. మూడు రోజులు నేల మీద నడవలేదు.

ఆసు గురించి రెండు ముక్కలు. అర్ధచంద్రం ఆకారంలో మేకులు కొట్టిన చెక్క అది. ఇటు ఒక మేకు, అటు వంపులో వరసగా మేకులు. పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూ పోవాలి. చీరకు తొమ్మిది వేల తిప్పుళ్లు. తర్వాత ఆ పోగుల్ని కట్టలు కట్టి రంగుల్లో ముంచితే, నేసినప్పుడు రంగు సరిగ్గా దాని చోట వచ్చి బొమ్మ అవుతుంది. కాబట్టి మేకుల మధ్య దూరం బట్ట వెడల్పుకు సరిపోవాలి. ఈ కొలతల గొడవ మీకు పట్టదులే పిల్లలూ, అర్థం కాకపోయినా ఫరవాలేదు, జరిగింది వినండి.

నేను నమూనా చీరను మేజా మీద పరిచి వెడల్పు కొలిచాను. నలభై ఆరు అంగుళాలు. నాలుగుసార్లు కొలిచాను. నాలుగుసార్లూ నలభై ఆరే. చీటీ రాసి, నకలు ఫైల్లో పెట్టి, సోమవారం నాడు ఆసు చెక్క మీద గుర్తులు నేనే గీసి అవ్వకు ఇచ్చాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుంది. జాన వేసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. చివర్న రెండు వేళ్లు ఎక్కువగా ఆనించి తలెత్తింది.

"రెండు వేళ్లు తక్కువున్నది గదా బిడ్డా."

వరండా నిండా జనం. నూలు కోసం లైను. నేను నవ్వాను. ఆమె భుజం మీద మెల్లగా తట్టాను కూడా.

"నీకు తెల్వదులే అవ్వా, జర చాయ్ తాగి పో" అన్నాను.

పక్క హోటలుకు కేకేశాను. చాయ్ వచ్చింది. లైన్లో ఎవరో నవ్వారు. అవ్వ కూడా కొంచెం నవ్వినట్టే అనిపించింది. చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చెక్క సంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

నెల తర్వాత ఆమె కొడుకు కమిటీ ముందు మూరెడు గుడ్డ పరిచాడు. అది కూడా సోమవారమే. చిలుకలు ఒక్కో వరసకూ కాస్త కాస్త పక్కకు ఒరిగిపోతూ, నాలుగో వరసకు వచ్చేసరికి ముక్కు ఒకచోట, తోక ఒకచోట అయ్యాయి.

"ఏందయ్యా ఇవి? చిలుకలా, బల్లులా?" అన్నాడు అధ్యక్షుడు. అందరూ నవ్వారు.

"పేక తక్కువొస్తున్నది, ప్రెసిడెంట్ సాబ్. ఈ అంచు కలిపితే ఆ అంచు పోతున్నది. ఎనిమిది చీరలదీ గట్లనే ఉన్నది."

"ఆసు ఎవలు పోసిండ్రు?"

"మా అమ్మనే."

"గదే మరి. ముసలామెకు కండ్లు ఆనుతలెవ్వు. యాడికో తిప్పింది."

"మా అమ్మ చేతిల తప్పు రాదు సాబ్. చీటీల ఎట్లుంటే గట్లనే పోసింది."

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "చీటీ లెక్క సరిగ్గనే ఉన్నదా?"

"లెక్క సరిగ్గనే ఉన్నది" అన్నాను.

అబద్ధం కాదు. నలభై ఆరుకు వేసిన లెక్కలో తప్పు లేదు. నిజమూ కాదు. గుడ్డ చూసిన క్షణంలోనే ఎక్కడో నా కొలతే తేడా అని తెలిసిపోయింది. ఫైలు నా చేతి కిందే ఉంది. నకలు తీసి, ఇదిగో నేనిచ్చిన కొలత, సరిచూడండి అనాల్సింది. అనలేదు. ఆ ఇంటికి నూలు ఆపాలనీ, ఇక ఆసు పని ఇంకో ఇంటికి ఇవ్వాలనీ తీర్మానం రాశారు. రాశారు అంటున్నాను. రాసింది నేనే. దస్తూరి నాది.

నూలు ఆగితే మగ్గం ఆగుతుంది. కొడుకు భువనగిరిలో వడ్ల గోదాముకు హమాలీ పనికి పోవడం మొదలుపెట్టాడు. సంఘం పని మీద అటు పోయే రోజుల్లో పొద్దున్నే బస్సులో ఎదురుపడితే, "బాగున్నవా అన్నా?" అని మర్యాదగానే అడిగేవాడు. నేను కిటికీ బయట కోట గుట్టను చూస్తూ జవాబిచ్చేవాణ్ణి. ఇంకొక వారం చూసి మగ్గం ఊడబెరికి అమ్మేస్తాడట అని ఊళ్లో మాట. నా పక్కన కండెల డబ్బా మూడు సోమవారాలు ఖాళీగా ఉంది. నేను దాన్ని తీయించనూ లేదు, దాని మీద ఇంకెవర్నీ కూర్చోనివ్వనూ లేదు.

ఆ ఇంట్లో మిగిలిన నూలు తూకం వేసి వెనక్కి తేవడం గుమస్తా పని. రెండు వారాలు వాయిదా వేశాను. నూలు ఆపిన ఇరవయ్యో రోజు, ఆదివారం, వెళ్లాను. కొడుకు లేడు. అవ్వ మగ్గం గుంటలో కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ఎవరూ నన్ను చాయ్ తాగుతావా అని అడగకపోవడం అదే మొదటిసారి.

"టేపు తెచ్చినవా?" అంది.

"తెచ్చిన."

"రా. గిది కొలువు."

మగ్గం మీద నాలుగు వేళ్ల మందం సాదా గుడ్డ నేసి ఉంది. రంగులేని పేకతో ఆమే నేసిందట. మూడు వారాలుగా అది నా కోసం చూస్తోంది. కొలిచాను. నలభై ఏడున్నర.

బట్టను వెడల్పుగా పట్టి ఉంచే కర్రను ఆమె తీసేసింది. పడుగు బిగువు సడలించింది. "ఇప్పుడు కొలువు."

నలభై ఆరు.

"మగ్గం మీద బట్ట ఊపిరి బిగవట్టి ఉంటది బిడ్డా. దిగినంక ఇడుస్తది. నువ్వు ఊపిరి ఇడిసిన బట్టను కొల్చినవ్. పేక ఎక్కువైతే అంచుల గుంజి సర్దొచ్చు. తక్కువైతే ఏం సర్దుతం?"

నేను టేపు చుట్టి గుంట అంచున కూర్చున్నాను. "తప్పు నాదే అవ్వా."

"తెల్సు. నువ్వు చాయ్ తాగి పొమ్మన్ననాడే తెల్సు."

"మరి ఇంకోసారి గట్టిగ చెప్పొచ్చు గద."

ఆమె పడుగు పోగులు దూరే అచ్చులో దారాలు సవరించింది. తర్వాత చెప్పింది. ఆ మాటలు నేను ఇంటికి వెళ్లి నోటుబుక్కులో రాసుకున్నాను, కాబట్టి ఇవి దాదాపు ఆమె మాటలే.

"కసురుకునుడు వేరే. మా అత్త నన్ను ముప్పై ఏండ్లు కసిరింది. కసిరినోడు నిన్ను మనిషనుకుంటడు, పని రావాలె అనుకుంటడు, అందుకే కోపమొస్తది. ఎక్కిరించుడు వేరే. ఎక్కిరించాలంటె నీ నడక సూడాలె, నీ మాట ఇనాలె. సూడకుండ ఇనకుండ ఎట్ల ఎక్కిరిస్తడు? మనం మర్లి ఎక్కిరియ్యొచ్చు. తీసిపారేసుడు వేరే. ఎనుకట షావుకారు చేసెటోడు. గుడ్డ ఇప్పకుండనే కాలితోని పక్కకు నూకెటోడు. గది కాల్తది. గని, ఇప్పి సూడు దొరా అని అడగనీకి నోరుండె. నువ్వు చేసింది గివేవీ గాదు. నువ్వు నన్ను బుదరకిచ్చినవ్. ఏడ్సే పోరని నోట్లె బెల్లం ముక్క పెడ్తరు సూడు, గట్ల. వాడు ఎందుకు ఏడుస్తున్నడో ఎవలకు గావాలె? నోరు మూస్తె సాలు. నువ్వు చాయ్ ఇప్పిచ్చినవ్. చాయ్ ఇచ్చినోనితోని ఎట్ల కొట్లాడుదు?"

తెగిన దారం ముడేసి, "నాకు పంతం గూడ ఉండె. తక్కువ ఉన్నదని తెల్సి పోసిన. గది నా తప్పు. రంగు పడ్డంక ఇంక ఇప్పరాదు, మనసున పట్టలే" అంది.

నూలు తూకం వేయలేదు. ఖాళీ సంచితో తిరిగి వచ్చాను.

అప్పటిదాకా నా దగ్గర నా కోసం వేరే మాటలు ఉండేవి. మొదటి వారం దాన్ని పరాచికం అనుకున్నాను. రెండో వారం చనువు అనుకున్నాను. మూడో వారం అలుసుగా తీసుకున్నానేమో అని కాస్త దిగాను. కానీ అలుసు ఇచ్చేవాళ్లుండాలి, ఒకరిస్తేనే ఇంకొకరు తీసుకుంటారు. ఆమె ఏ రోజూ ఇవ్వలేదు. ఏ మాట తీసుకున్నా రెండు వేళ్లు తక్కువే వచ్చింది. ఆమె చెప్పిన మాట మాత్రం అంచు నుంచి అంచుకు సరిపోయింది.

బుధవారం కమిటీని కూర్చోబెట్టమన్నాను. అధ్యక్షుడు నన్ను పక్కకు పిలిచాడు. "అయిపోయిన ముచ్చట ఎందుకయ్యా తవ్వుడు? గుమస్తా కొలతే తప్పంటె సంఘం ఇజ్జత్ ఏమైతది? నువ్వేమన్న తిట్టినవా? మంచిగనే మాట్లాడినవ్. చాయ్ గూడ ఇప్పిస్తివి."

"గదే సార్ తప్పు" అన్నాను. అతనికి అర్థం కాలేదు. మూడు రోజుల కింద నాకూ అయ్యేది కాదు.

చీటీ నకలు మేజా మీద పెట్టాను. కొలత ఎక్కడ తప్పిందో చెప్పాను. అంతవరకు సులువే, అంకెల తప్పు ఒప్పుకోవడం అంకెలవాడికి పెద్ద కష్టం కాదు. తర్వాత ఆ సోమవారం అన్న ఏడు మాటలు, అన్నట్టే, అదే నవ్వుతో కాకుండా, అందరి ముందు మళ్లీ అన్నాను. నా గొంతు నాకే వినిపించింది. లైన్లో ఆ రోజు నవ్విన మనిషి తల దించుకున్నాడు. ఆ గదిలో ఆ మాటలు చాలా చిన్నవిగా, చాలా తీయగా, వినలేనంత చెడ్డగా ఉన్నాయి.

నూలు ఇవ్వాలని తీర్మానం రాశాను. ఈసారి నా దస్తూరి చక్కగా వచ్చింది.

మా కూటాల్లో ఒక ఆనవాయితీ ఉంది. తప్పు ఒప్పుకున్నవాడికి శిక్ష ఏమిటో, నష్టపోయిన వాళ్లనే అడుగుతారు. కబురు పెట్టి పిలిపించిన అవ్వను అడిగారు. ఆమె గోడకు ఆనుకుని గింజలు జరుపుకుంటోంది.

"నేను డెబ్బై రెండు వేలు తిప్పిన. ఆయిన అన్ని తిప్పితె భుజం ఊడి దవాఖానల పడ్తడు. ఒక్క చీర తిప్పుమనుండ్రి."

తొమ్మిది వేలు. రాసుకున్నాను.

ఆదివారాలు వాళ్లింటికి పోయి తిప్పాలని ఖాయమైంది. మొదటి ఆదివారం నూటా నలభైకే చేయి లేవలేదు. "ఏంది, ఆడిటర్ సాబ్ అలిసిండా?" అని కొడుకు మగ్గం మీద నుంచి అరిచాడు. గోదాము మానేశాడు. మగ్గం చప్పుడు, అతని నవ్వు ఒకేసారి వినపడ్డాయి. వంద తిప్పాకే చాయ్ అన్నది అవ్వ పెట్టిన కట్టుబాటు. నేను తిప్పిన ప్రతి వందకూ ఒక చింతగింజ ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి పోయేది.

మూడో ఆదివారం ఆమె కోడలు నా దగ్గరికి వచ్చి, గళ్ల కాగితం మీద పూల లెక్క ఎలా వేస్తారని అడిగింది. "నీకెందుకమ్మా గీ తలనొప్పి, హాయిగ కట్టలు కట్టుకో" అన్నాను. అవ్వ ఆ గిన్నెలోంచి ఒక చింతగింజ తీసి మళ్లీ ఈ గిన్నెలో వేసింది.

"వంద పెరిగినయ్."

"నేనేమన్ననవ్వా?"

"ఏమనలే. గదే."

ఆ రోజు నుంచి రేట్లు ఖాయమయ్యాయి. ఎవర్నైనా కసురుకుంటే పది. ఎక్కిరిస్తే ఇరవై. తీసిపారేస్తే యాభై. బుదరకిస్తే వంద. చేసింది ఎక్కడైనా సరే, ఆదివారం వచ్చి నిజం చెప్పాలి. నేను బేరం ఆడాను. తీసిపారేయడం కంటే బుదరకించడం రెట్టింపు ఎట్లయితదవ్వా, చాయ్ ఇచ్చేవాడి కంటే కాలితో నెట్టేవాడు మేలా, అని.

"తీసిపారేస్తె కోపమొస్తది. కోపమొచ్చినోడు మర్లబడ్తడు. బుదరకిస్తె తన మీద తనకే అనుమానమొస్తది" అంది. తర్వాత తన వేళ్లకేసి చూసుకుంది. "గా దినం ఇంటికొచ్చి నా వేళ్లు నేనే కొల్చుకున్న. ఒకసారి గాదు. ముసల్దాన్నయితి, నిజంగనే తెల్వదేమో అని. అరవై ఏండ్లు ఆసు పోసిన చెయ్యి ఇది."

నేను బేరం మళ్లీ ఆడలేదు. కోడలికి గళ్ల కాగితం లెక్క ఆ సాయంత్రమే చెప్పాను. ఇప్పుడు మా ఊళ్లో పూల లెక్క ఆమే వేస్తుంది. నాకంటే వేగం.

రెండేళ్లు పోయాను, పండగలూ జ్వరాలూ తీసేస్తే. నా నోటుబుక్కుకూ ఆమె గింజలకూ ఎప్పుడూ వందో రెండు వందలో తేడా వచ్చేది, ఎక్కువ బాకీ ఎప్పుడూ గింజల వైపే. నేను గింజల లెక్కే ఖాయం చేసుకున్నాను. ఒకసారి మాత్రం అన్నాను, "అవ్వా, నువ్వు గింజలు ఎనుకకు జరుపుతున్నవేమో." ఆమె కళ్లు మూసుకునే చెప్పింది, "గా లెక్క తీరితె నువ్వు మల్ల రావు."

ఆమె పోయినప్పుడు గిన్నెలు రెండూ, ఆసు చెక్కా కొడుకు మా ఇంటికి తెచ్చిచ్చాడు. ఊళ్లోకి ఆసు మిషన్లు వచ్చేశాయి, చెక్కతో వాళ్లకు పని లేదు. ఇప్పటికీ ఆదివారం పొద్దున కాసేపు తిప్పుతాను. నా తప్పు నేనే చెప్పుకుని గింజ నేనే జరుపుకుంటాను. కావాలంటే నెలలో తీర్చేయగలను. తొందర లేదు.

లెక్క ఇలా ఉంది. అసలు తొమ్మిది వేలు. కసురుకున్నవి ముప్పై ఒకటి, మూడు వందల పది. ఎక్కిరించినవి పన్నెండు, రెండు వందల నలభై. తీసిపారేసినవి ఏడు, మూడు వందల యాభై. బుదరకించినవి పంతొమ్మిది, పంతొమ్మిది వందలు. మొత్తం పదకొండు వేల ఎనిమిది వందలు. తిప్పినవి పదివేల ఐదు వందల నలభై. మిగిలింది పన్నెండు వందల అరవై.

ఇక్కడ ఆపి, రాసిందంతా మొదటి నుంచి చదువుకున్నాను. పైన ఆసు గురించి చెబుతూ, "ఈ కొలతల గొడవ మీకు పట్టదులే పిల్లలూ, అర్థం కాకపోయినా ఫరవాలేదు" అని మీతో అన్నాను. కొట్టేద్దామని కలం పెట్టాను. కొట్టేయలేదు. లేచి వెళ్లి ఒక చింతగింజ వెనక్కి వేసి వచ్చాను.

నేటికి బాకీ చింతగింజలు పదమూడు, కందిగింజలు ఆరు. పదమూడు వందల అరవై.